వరండా దీపం వెలిగించాలా, ఆర్పాలా?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఏటా అక్టోబర్ నెలాఖరుకు ఒక చర్చ లేస్తుంది. 31వ తేదీ సాయంత్రం వీధిలో పిల్లలు గుంపులు గుంపులుగా బయల్దేరతారు. ఒకడు అస్థిపంజరం వేషంలో ఉంటాడు, ఒకమ్మాయి రాకుమారి వేషంలో ఉంటుంది, ఇంకా మాటలు కూడా రాని చంటివాడికి తేనెటీగ రెక్కలు తొడిగి తండ్రి ఎత్తుకొస్తాడు. చేతిలోని సంచి చాపి ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటారు. ఏమైనా పెడతారా, లేక అల్లరి చేయమంటారా అని దాని అర్థం. తలుపు తీసి చాక్లెట్లు వేయాలా? లేక దీపాలార్పేసి, ఇంట్లో ఎవరూ లేనట్టు వెనక గదిలో కూర్చోవాలా? డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, చికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఉంటున్న విశ్వాసికి ఇది తీరిగ్గా ధ్యానించే వేదాంత ప్రశ్న కాదు. చీకటి పడేలోగా కాలింగ్ బెల్ మోగుతుంది.

ఇక్కడ కాకినాడలోనో, గుంటూరులోనో, వరంగల్‌లోనో ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఈ చర్చలోకి వచ్చేస్తున్నారు. బాప్తిస్మపు తెల్లబట్టల్లో చూడాలనుకున్న మనవడు నల్లటి ముసుగుతో ఫోన్‌లో కనిపిస్తే ఏ అమ్మమ్మ గుండె కలుక్కుమనదు? ‘ఇదేంటమ్మా, పిల్లాడికి దెయ్యం వేషం వేశారు, పాస్టర్‌గారికి తెలుసా?’ అని అడుగుతుంది. కూతురు దగ్గర సరైన జవాబుండదు. ‘ఇక్కడ అందరూ చేస్తారమ్మా’ అన్నది జవాబు కాదని కూతురికీ తెలుసు. ‘అది దెయ్యాల పండగ, అంటుకోవద్దు’ అన్నంత మాత్రాన విషయం తేలదని తల్లి తెలుసుకోవాలి.

అసలు ఈ పండగ పేరులోనే మన చరిత్ర ఉంది. నవంబర్ 1న పాశ్చాత్య సంఘం పరిశుద్ధులందరినీ స్మరించుకునేది. 8వ శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ రోమ్‌లో పరిశుద్ధులందరి పేరిట ఒక ప్రార్థనాలయాన్ని ప్రతిష్ఠించాడు. 9వ శతాబ్దంలో ఆ దినాచరణ పశ్చిమ ఐరోపా అంతటా నవంబర్ 1న స్థిరపడింది. ఆ పండగ ముందటి సాయంత్రమే హాలోవీన్. ‘పరిశుద్ధుల దినానికి ముందురాత్రి’ అన్న ఇంగ్లిష్ మాటే నలిగి నలిగి అలా మారింది. అదే రోజుల్లో ఐర్లండ్, స్కాట్లండ్‌లలోని కెల్ట్ ప్రజలకు సావిన్ అనే పండగ ఉండేది. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి మృతుల లోకానికీ మన లోకానికీ మధ్య తెర పలచబడుతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాల గురించి మనకున్న రాతలు చాలావరకు ఆ తరువాత మధ్యయుగాల్లో క్రైస్తవ సన్యాసుల చేతుల మీదుగా వచ్చినవే. కాబట్టి ఈ పండగలో ఏది ఎంత పాలో గీత గీసి చెప్పడం చరిత్రకారులకే కష్టం. పూర్తిగా అన్యాచారమనీ అనలేం, పూర్తిగా మనదేననీ అనలేం.

మన ప్రొటెస్టెంట్ సంఘాలు ఈ తేదీని మరో కారణంగా మరిచిపోకూడదు. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను విటెన్‌బర్గ్‌లో వెలువరించింది ఈ పరిశుద్ధుల దినం ముందు రోజే. అక్కడి కోట ఆలయం పేరే ‘పరిశుద్ధులందరి ఆలయం’. పాపక్షమాపణ పత్రాల వ్యాపారం మీద లూథర్ ఎక్కుపెట్టిన ప్రశ్నలకూ మృతుల కోసం చేసే ప్రార్థనలకూ దగ్గరి సంబంధముంది. పిల్లల చేతిలోని సంచికీ దానితో సంబంధముందంటే ఆశ్చర్యపోవద్దు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఈ రోజుల్లో పేదవాళ్లు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి చిన్న రొట్టెలు అడిగేవారు. వాటికి ‘ఆత్మల రొట్టెలు’ అని పేరు. రొట్టె పుచ్చుకుని ఆ ఇంట్లో చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించేవారు. సంస్కరణోద్యమం వచ్చి అలాంటి ప్రార్థనలకు వాక్యాధారం లేదన్నది. ప్రార్థన పోయింది, రొట్టె అడగడం మిగిలింది! ప్రెస్బిటేరియన్ సంఘం బలంగా ఉన్న స్కాట్లండ్‌లో కూడా పిల్లలు వేషాలు కట్టి, పాటో పద్యమో వినిపించి, ఆపిల్ పళ్లూ గింజలూ పుచ్చుకునే అలవాటు నిలిచే ఉంది. 19వ శతాబ్దంలో ఐరిష్, స్కాటిష్ వలసదారులతో పాటు అది ఓడెక్కి అమెరికా చేరింది. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి పెట్టిన దీపం అమెరికాలో గుమ్మడికాయలోకి మారింది. అక్కడ గుమ్మడికాయలు పెద్దవి, తొలచడం తేలిక.

20వ శతాబ్దం మొదట్లో అక్కడి కుర్రాళ్ల హాలోవీన్ అల్లరి హద్దు మీరింది. గేట్లు పీకడం, కిటికీలు పగలగొట్టడం దాకా వెళ్లింది. 1930 ప్రాంతాల్లో పెద్దలు ఆలోచించి, ఆ అల్లరిని మిఠాయితో కొనేశారు. రెండో ప్రపంచయుద్ధంలో చక్కెరకు రేషన్ పెట్టడంతో మిఠాయి కరువైంది. 1947లో చక్కెర రేషన్ ఎత్తేశాక, కొత్తగా వెలిసిన శివారు కాలనీల్లో ఈ అలవాటు ఊరూరా అల్లుకుంది. అక్కడి చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య లెక్క ప్రకారం 2023లో హాలోవీన్ మీద అమెరికన్ల ఖర్చు దాదాపు 1,220 కోట్ల డాలర్లు. అందులో మిఠాయిలకే 360 కోట్లు. దెయ్యం కన్నా ధనాశే ఈ పండగను ఎక్కువగా నడిపిస్తోందేమో ఆలోచించాలి మరి.

అయితే ఇందులో విశ్వాసి తన మనస్సాక్షిని ఎక్కడ నిలుపుకోవాలి? సోదె, కర్ణపిశాచి, మృతులతో మాట్లాడడం లాంటివి దేవునికి హేయమని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం తెగేసి చెబుతుంది. ఆ రాత్రి సరదా పేరుతో ఆత్మల్ని పిలిచే ఆటలకు పిల్లల్ని పంపడం ముమ్మాటికీ తప్పే. అందులో రాజీ లేదు. కానీ పక్కింటి అయిదేళ్ల పాప సంచిలో ఒక చాక్లెట్ వేయడం ఆ కోవలోకి వస్తుందా? అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో దాదాపు ఇలాంటి చిక్కునే విప్పాడు. విగ్రహాలకు అర్పించిన మాంసం బజారులో అమ్ముతున్నారు, తినాలా వద్దా అన్నది అక్కడి ప్రశ్న. విగ్రహంలో ఏమీ లేదని తెలిసినవాడికి మాంసం మాంసమే. ఆ తెలివి ఉంది కదా అని బలహీనుడైన సహోదరుడి మనస్సాక్షిని తొక్కుకుంటూ పోకూడదు. విగ్రహారాధనలో మాత్రం పాలు పుచ్చుకోకూడదు. ఈ మూడింటినీ ఆయన ఒకేసారి పట్టుకున్నాడు. పొరుగింటి పండగ ప్రసాదం గుమ్మంలోకి వచ్చినప్పుడు మన అమ్మమ్మలు, నానమ్మలు ఎదుర్కొన్నదీ ఇదే కదా! తీసుకోని వాళ్లున్నారు, తీసుకుని పక్కన పెట్టిన వాళ్లున్నారు. తీసుకున్నా మానుకున్నా, తెచ్చినావిడను గుమ్మంలోనే నిలబెట్టి పంపేయకుండా ‘రామ్మా, కూర్చో, కాఫీ తాగు’ అన్నవాళ్లే ఎక్కువ. ఆ మర్యాద మన విశ్వాసాన్ని పలచన చేయలేదు.

ఈ వ్యాసకర్త అభిప్రాయం అడిగితే, దీపం వెలిగించడమే మేలు. అక్కడి శివారు కాలనీల్లో ఈ పండగకు రాయని నియమం ఒకటుంది. వరండా దీపం వెలుగుతుంటే రావచ్చని అర్థం, ఆర్పి ఉంటే పిల్లలు ఆ ఇంటి గడప తొక్కకుండా ముందుకెళ్లిపోతారు. దీపం ఆర్పుకున్నవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. వద్దనుకున్న విశ్వాసిని మనమూ తప్పుపట్టకూడదు. కానీ ఏడాదిలో 364 రోజులు గరాజ్ తలుపు లేచి, కారు లోపలికెళ్లి, మళ్లీ తలుపు దిగిపోయే ఆ వీధుల్లో, ఇరుగుపొరుగు తనంతట తానే నడిచి మన గుమ్మం ముందుకొచ్చే సాయంత్రం అదొక్కటే. సువార్త చెప్పడానికి దేశాలు దాటి వెళ్లే మనం, మన గుమ్మంలోకి వచ్చినవాడికి మొహం చాటేయడం ఏం సబబు?

లూకా సువార్త 11వ అధ్యాయంలో ప్రభువు ఇలాంటి కథే చెప్పాడు. అర్ధరాత్రి ఒకడు స్నేహితుడి తలుపు తట్టి మూడు రొట్టెలు బదులు అడుగుతాడు. తలుపు వేసేశాం, పిల్లలు పడుకున్నారు, లేవలేనంటాడు లోపలివాడు. బయటివాడు సిగ్గు విడిచి అడుగుతూనే ఉంటాడు. చివరకు తలుపు తెరుచుకుంటుంది. ప్రార్థనలో పట్టుదల గురించి చెప్పిన ఉపమానమిది, నిజమే. అయినా లోపలివాడి సాకులు మనకెంత పరిచయమైనవో చూడండి.

తలుపు తీయడానికి జంకేవాళ్లలో చాలామందిని ఆపేది సిద్ధాంతం కాదు, భయం. మిఠాయిలో విషం కలుపుతారని, ఆపిల్ పండులో బ్లేడు దాస్తారని అమెరికాలో దశాబ్దాలుగా ఒక భయం ఉంది. 1982లో చికాగో ప్రాంతంలో టైలెనాల్ మాత్రల్లో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. హాలోవీన్‌కు కొద్దివారాల ముందే అది జరగడంతో ఆ భయం పదింతలైంది. పిల్లల సంచుల్ని ఎక్స్‌రే తీస్తామని ఆసుపత్రులు ముందుకొచ్చేదాకా వెళ్లింది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ కథలన్నిటి వెంటా పడి 1985లో తన పరిశోధన ప్రచురించాడు. ఎవరో తెలియనివాళ్లు ఇచ్చిన విషపు మిఠాయి తిని ఒక పిల్లవాడు చనిపోయిన ఘటన ఆయనకు ఒక్కటీ దొరకలేదు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నాడు.

అయితే ఒక పిల్లవాడు విషంతో చనిపోయిన మాట నిజం. 1974 హాలోవీన్ రాత్రి టెక్సస్‌లో తిమోతీ అనే ఎనిమిదేళ్ల బాలుడు సైనైడ్ కలిపిన మిఠాయి పొడి తిని మరణించాడు. అది ఇచ్చింది ఏ అపరిచితుడో కాదు, కన్నతండ్రి రొనాల్డ్ ఓబ్రయన్. అప్పుల్లో మునిగి, బీమా డబ్బు కోసం ఆ పని చేశాడు. నేరం బయటపడకుండా మరికొందరు పిల్లలకూ ఆ గొట్టాలు పంచాడు. దేవుని దయవల్ల వాళ్లెవరూ తినలేదు. అతడు బాప్టిస్టు సంఘంలో డీకన్, గాయకబృందంలో పాడేవాడు. 1984లో అతనికి మరణశిక్ష అమలైంది. అదే లూకా 11వ అధ్యాయంలో ప్రభువు మరో ప్రశ్న వేశాడు. కొడుకు చేపను అడిగితే పామునిచ్చే తండ్రి మీలో ఉన్నాడా అని. ఉండడని అందరికీ తెలుసు కనుకే ఆ ప్రశ్నకు అంత బలం. టెక్సస్‌లో ఒక తండ్రి ఆ పనే చేస్తే, దేశమంతా మాత్రం పొరుగువాణ్ణి అనుమానించడం నేర్చుకుంది.

ఆ అనుమానం ఎంత ఖరీదైనదో చెప్పే మరో సంఘటన 1992లో జరిగింది. యోషిహిరో హట్టోరి అనే పదహారేళ్ల జపాన్ విద్యార్థి చదువు కోసం లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ వచ్చాడు. అక్టోబర్ 17 రాత్రి ఒక హాలోవీన్ విందుకు వేషం వేసుకుని బయల్దేరి, ఇంటి నంబరు పొరబడి మరో ఇంటి తలుపు తట్టాడు. ఇంటి యజమాని తుపాకీతో బయటికొచ్చి కదలవద్దని ఇంగ్లిష్‌లో అరిచాడు. ఆ మాట కుర్రాడికి అర్థం కాలేదు, నవ్వుతూ ముందుకొచ్చాడు. గుండు తగిలి చనిపోయాడు. 1993లో జ్యూరీ ఆ ఇంటి యజమానిని నిర్దోషి అంది. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులు ఇళ్లలో తుపాకులు వద్దంటూ జపాన్‌లో 17 లక్షలకు పైగా సంతకాలు సేకరించి, అదే ఏడాది నవంబర్‌లో అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశారు. ఇంగ్లిష్ సరిగా రాని పరదేశి ఒకడు పొరబాటున తలుపు తట్టడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? పరదేశులకు ఆతిథ్యం మరవవద్దని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం అంటుంది. గుమ్మానికి ఏ వైపున నిలబడ్డా ఆ మాట మనకు వర్తిస్తుంది. అక్కడ మనమూ పరదేశులమే కదా.

ఇంకో ముచ్చట. బాగా డబ్బున్న కాలనీల్లోకి ఆ సాయంత్రం దూరపు పేటల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని కార్లలో తీసుకొస్తారు. తమ వీధుల్లో ఇళ్లు దూరదూరంగా ఉండడం వల్లనో, అక్కడ చీకట్లో తిరగడం ప్రమాదమనో, ఇక్కడ పెద్ద చాక్లెట్లు పెడతారనో. ‘వీళ్లు మన వీధి పిల్లలు కారు, మనమెందుకు పెట్టాలి?’ అని విసుక్కునే ఇళ్లున్నాయి. విశ్వాసి ఇంట ఆ మాట వినబడకూడదు. పొలంలో మరిచిపోయిన పన పరదేశిదీ, తండ్రిలేనివాడిదీ, విధవరాలిదీ అని మోషే ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండం 24:19) చెప్పినప్పుడు, ఆ పరదేశి ఏ ఊరివాడని అడగలేదు.

వయసు గురించి కూడా చిక్కులొస్తాయి. మీసాలు మొలుస్తున్న కుర్రాడు వేషం కూడా లేకుండా సంచి చాపితే ఒళ్లు మండుతుంది కొందరికి. వర్జీనియాలోని చెసపీక్ నగరంలో పన్నెండేళ్లు దాటినవాళ్లు ఇలా ఇంటింటికీ తిరిగితే జైలుశిక్ష అన్న నిబంధన చాలాకాలం ఉండేది. 2019లో వయసు పద్నాలుగుకు పెంచి, జైలు మాట తీసేశారు. అమ్మలాంటి మాట ఒకటి చెప్పాలంటే, ఆ కుర్రాడు ఆ రాత్రి ఇంకెక్కడో ఇంకేదో తాగుతూ ఉండకుండా మీ గుమ్మంలో చాక్లెట్ అడుగుతున్నాడు. ఇచ్చేయండి. కొందరు పిల్లలు ఏ మాటా అనకుండా నిలబడతారు, థాంక్స్ కూడా చెప్పరు. మాట రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు వాళ్లలో ఉంటారు. మర్యాద పాఠాలు ఆ గుమ్మంలో వద్దు.

ఏం పెట్టాలన్నది తెలుగు ఇల్లాలికి వచ్చే మరో సందేహం. ఇంట్లో నేతితో చేసిన సున్నుండలు ఎంత ప్రేమగా పెట్టినా, వాటిని అక్కడి తల్లిదండ్రులు పారేస్తారు. కంపెనీ కాగితం విప్పని మిఠాయినే వాళ్లు నమ్ముతారు. అందులో మన తప్పు లేదు, వాళ్ల తప్పూ లేదు. వేరుశనగ, పాలు, గుడ్లు పడని పిల్లలు చాలామంది. అలాంటివారి కోసం 2014 నుంచి దేశవ్యాప్తంగా నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయను గుమ్మంలో పెట్టే పద్ధతి వచ్చింది. తినేవి కాక పెన్సిళ్లు, స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఇక్కడ దొరుకుతాయని దానర్థం. వేరుశనగ తగిలితే ప్రాణం మీదికొచ్చే పిల్లవాడికి ఆ రంగు కనబడితే ఎంత సంబరమో! కారు నడిపేవాళ్లకు కూడా ఒక మాట. 1975 నుంచి 2016 వరకు హాలోవీన్ సాయంత్రాలను లెక్కించి 2019లో వెలువడిన ఒక వైద్య పరిశోధన ప్రకారం, మామూలు సాయంత్రాల కన్నా ఆ సాయంత్రం పాదచారులు వాహనాల కింద పడి చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువ. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఆ రోజు బండి నెమ్మదిగా నడపడం కూడా పొరుగువాణ్ణి ప్రేమించడమే.

కరపత్రాల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మిఠాయికి బదులు సువార్త కరపత్రం ఒక్కటే సంచిలో పడేసే విశ్వాసులున్నారు. అందులో కొన్ని నరకాగ్ని బొమ్మలతో పిల్లల్ని దడిపించేవి కూడా. ఆకలితో ఉన్నవాడికి ఏమీ పెట్టకుండా దీవించి పంపితే ఏం లాభమని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో అడిగాడు. ఈ పిల్లలు ఆకలితో లేరు, ఒప్పుకుంటాను. కానీ ఏడేళ్లవాడు ఇంటికెళ్లి సంచి బోర్లించినప్పుడు, ఏ ఇల్లు మిఠాయి పెట్టిందో ఏ ఇల్లు కాగితం పెట్టిందో వాడికి బాగా గుర్తుంటుంది. కరపత్రం ఇవ్వాలంటే ఇవ్వండి, పిల్లల మనసుకు తగినది ఎంచుకుని, దానితోపాటు మంచి చాక్లెట్ పెద్దది పెట్టండి. చవకరకం వద్దు.

ఇక చాలా సంఘాలు చర్చి ఆవరణలోనే ‘ట్రంక్ ఆర్ ట్రీట్’ పెడుతున్నాయి. కార్ల డిక్కీలు అలంకరించి వరుసగా నిలిపితే పిల్లలు ఒక్కో కారు దగ్గరా మిఠాయి తీసుకుంటారు. భద్రమైనది, వెలుతురున్నది, భయపెట్టే వేషాలుండవు. మంచిదే. కాకపోతే అక్కడ మన పిల్లలకు మన సంఘంవాళ్లే పెడతారు. పక్కింటివాడు పక్కింట్లోనే ఉండిపోతాడు. వీలైతే కొందరు చర్చికి, కొందరు ఇంటి గుమ్మానికి అని పంచుకోవడం మంచిదనిపిస్తుంది. డిసెంబర్‌లో రాత్రిపూట గిటార్లతో, తబలాతో ఇంటింటికీ క్యారల్స్‌కు వెళ్లి, నిద్రపోతున్న ఇంటిని లేపి, టీ, కేకులు పుచ్చుకుని వచ్చే అలవాటు మనకూ ఉంది. తలుపు తట్టించుకునే ఇంటి ఇబ్బంది, ఆనందం రెండూ మనకు తెలుసు.

మరి సొంత పిల్లల్ని పంపాలా? ఇది ఇంటింటి నిర్ణయం. ఎవరి మనసులో వారు స్థిరపడాలని, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయం బోధిస్తుంది. భార్యాభర్తల మధ్యే ఏకాభిప్రాయం లేకపోతే ఆ ఏడాదికి మానుకోవడం మంచిది, మిఠాయి కోసం ఇంట్లో గొడవ అక్కర్లేదు. పంపదలచినవారు వేషం ఎంపికలో తల్లిదండ్రులుగా గట్టిగా ఉండవచ్చు. వద్దనుకున్నవారు స్కూల్లో పిల్లవాడు ఒంటరివాడు కాకుండా ముందే మాట్లాడుకోవాలి.

ఫిలడెల్ఫియాలో 1950లో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టర్ కుటుంబం మూడో దారి కనిపెట్టింది. రెవరెండ్ క్లైడ్ ఆలిసన్, ఆయన భార్య మేరీ ఎమ్మా తమ పిల్లల్ని హాలోవీన్ రాత్రి ఇంటింటికీ పంపారు, కానీ మిఠాయి కోసం కాదు. యుద్ధంలో నష్టపోయిన పిల్లల కోసం 1946లో ఏర్పడిన యునిసెఫ్ పాలపొడి పంపుతోందని మేరీ ఎమ్మాకు తెలిసింది. ఖాళీ పాల డబ్బాలకు రంగులు వేసి, వాటిలో చిల్లర నాణేలు అడిగి రమ్మన్నారు. ఆ ఆలోచన సంఘాల ద్వారా ఊరూరికీ పాకి, తరువాతి దశాబ్దాల్లో కోట్ల డాలర్లు పోగుచేసింది. నారింజ రంగు పెట్టెలతో పిల్లలు తిరగడం అక్కడ ఎన్నో తరాలు చూశాయి. ఆలిసన్‌గారి పిల్లలు ఆ మొదటి రాత్రి ఇంటికి తెచ్చింది 17 డాలర్లు.